మూడు దెబ్బలు, ఒక ఊపిరి

హైదరాబాదు,
ఫిబ్రవరి 6

ఒసేయ్ రుక్సానా,

‘ప్రియమైన’ అని మొదలుపెడదామనుకున్నాను గానీ చదివి పగలబడి నవ్వుతావని మానేశాను. ఫోనులో నేను అరుస్తానట, అరిచింది నీకు అర్థం కాదట, ఇక మీదట ఏం చెప్పాలన్నా కాగితం మీద రాయమన్నావుగా. ఇదిగో, రాస్తున్నా. కాగితం మీద కూడా ఎలా అరవచ్చో చూపిస్తాను. పైగా ఇక్కడ స్టూడియో గేటు దగ్గరే మా ఫోన్లు సంచిలో వేసి సీలు కొడతారు. సినిమా రహస్యాలు బయటికి పోకూడదట. రహస్యం ఏముందిలే, మన ఊరి మట్టే!

నిజంగానే మన మట్టి. సినిమా పేరు ‘రేగడి’. హీరో పేరూ అదే. నల్లరేగడి చేలో పిడుగు పడితే ఆ పిడుగుని మింగి బతికినవాడు. పత్తి మిల్లు తగలబడుతుంటే గోడ బద్దలుకొట్టుకుని మొదటిసారి గాల్లోకి లేస్తాడు. మూడు నిమిషాల సీను. ఆ మూడు నిమిషాలకి ఏ సంగీతం పెట్టాలి, ఎవరిచేత చేయించాలి అన్నదే ఇప్పుడు ఇక్కడ అందరి తలనొప్పి.

నా పనేమిటని మొన్న అడిగావు. అసలు సంగీత దర్శకుడు రాకముందు, బొమ్మ కింద ఎక్కడెక్కడివో సంగీతాలు తెచ్చి అతికించడం నా పని. గోడకి రంగు వేసేముందు సున్నం కొడతారే, అలాంటిది. తర్వాత ఆయనొచ్చి అది తీసేసి తనది వేస్తాడు. నా సున్నం ఎవరికీ కనపడదు.

ముగ్గురిని పరీక్షిస్తున్నారు. చెన్నై ఆయన ఒకరు, ఇక్కడివాడు ఒకడు, బొంబాయి ఆయన ఒకరు. ముగ్గురికీ ఆ సీనే ఇచ్చారు. ముగ్గురూ పంపారు. ముగ్గురివీ బాకాలే! పది బాకాలు, ముప్పై వయొలిన్లు, చివర ఒక ఢాం. దర్శకుడు శ్రీకృష్ణ గారు గదిలో ఉన్న అందర్నీ వరసగా అడిగి, ఆఖర్న తలుపు దగ్గర నిలబడ్డ నన్ను చూసి, “నువ్వు చెప్పమ్మా” అన్నారు. నాకు నోరు ముందు, బుర్ర తర్వాత కదా.

“మార్టూరు పక్క కుర్రాడు ఎగిరితే బాకాలెందుకు మోగుతాయండీ? మేమేమన్నా కోట బురుజుల మీద పుట్టామా?” అనేశాను.

ఆయన నవ్వి, “మరేం మోగాలి?” అన్నారు.

“విల్లు మోగాలి. దూదేకే విల్లు.”

అన్నాక నాకే ఒళ్ళు జలదరించింది రుక్సా. చిన్నప్పుడు మాబు మావయ్య భుజాన ఆ నిలువెత్తు విల్లు పెట్టుకుని వీధిలోకి వస్తుంటే, ఆ చప్పుడుకి మనిషి కన్నా ముందు గాలి వచ్చినట్టుండేది. ఎగిరేవాడికి అంతకన్నా ఏం కావాలి? శ్రీకృష్ణ గారు “తెప్పించు, వింటాను” అన్నారు. మీ నాయనని బతిమాలి ఒక్కసారి కొట్టించవే. నువ్వు రికార్డు చేసి పంపు. నీ కాళ్ళు పట్టుకుంటా. ఎదురుగా ఉంటే పట్టుకోనులే.

ఇట్లు,
నీ అరుపుల దుర్గ


మార్టూరు,
ఫిబ్రవరి 21

దుర్గకు,

నీ అరుపు అందింది. కాగితం మడత విప్పుతుంటేనే చెవులు నొప్పి పుట్టాయి.

విల్లు మాటెత్తగానే నాయన మంచం మీద లేచి కూర్చున్నాడు. దూది ఏకే మిషను కొన్న నాటి నుంచి, అంటే పదకొండేళ్ళు, అది పరుపుల కొట్లో దూలానికే వేలాడుతోంది. దించితే దాని వెనక నుంచి రెండు బల్లులు నా మీద పడ్డాయి. తీగ బిగించడానికే ఆయనకి ఒక పూట పట్టింది. మధ్యలో దగ్గు. నేను బిగిస్తానంటే, “నువ్వు మిషను మీటలు నొక్కు పో” అన్నాడు.

మొదటి రోజు రికార్డు చేస్తే పక్కనున్న గ్రానైటు పాలిషు మిషను గొంతే వినపడింది. రెండో రోజూ అంతే. మూడో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. ఊరంతా తిట్టుకుంటుంటే మేం పెళ్ళివారిలా పరుగెత్తాం. పదిహేను నిమిషాలు దొరికాయి. నాలుగు సార్లు కొట్టాడు.

ఒక్క చిక్కుంది. మధ్యలో ఆయన ఊపిరి పీల్చే చప్పుడు పడింది. “ఒక్కసారి ఆ చప్పుడు లేకుండా కొట్టు నాయనా” అన్నాను. విల్లు కింద పెట్టేశాడు.

“అది లేకపోతే నా దెబ్బెట్టా అవుద్దే?” అన్నాడు.

ఈ సంగతి నాకూ ఇన్నాళ్ళూ తెలియదు. దూదేకేవాళ్ళలో ఎవరి దెబ్బ వాళ్ళకి ఉండేదట. వీధి మొదట్లో తన దెబ్బ కొడితే ఎవరొచ్చారో ఇళ్ళలో ఆడవాళ్ళకి తెలిసేది. మా తాతది నాలుగు దెబ్బలూ ఆగకుండా వరసగా కొట్టే తీరు. నాయనకి పదహారో ఏటికే దూది ఛాతీలో చేరింది. మూడు కొట్టేసరికి ఊపిరి చాలేది కాదు. తాత తిట్టేవాడు. అందుకని మూడు కొట్టి, ఆగి, ఊపిరి తీసుకుని, నాలుగోది బాగా లాగి వదిలేవాడు. ఆ ఖాళీని పట్టుకునే ఇక్కడి నుంచి పొన్నూరు దాకా ఆయన్ని పోల్చుకునేవాళ్ళు. మీ అమ్మ కేక గుర్తుందా? “మాబు అన్నయ్య వచ్చాడే, పాత దూది బయటపెట్టండే” అని వీధంతా లేపేది.

కొట్టడం అయ్యాక నన్ను ఒకటే అడిగాడు: “అది ఎవరి దెబ్బో చెప్తారా?”

డబ్బు మాట అడగలేదు. సినిమా ఎవరిదని అడగలేదు. చెప్తారని నీ తరఫున మాటిచ్చాను. పెన్‌డ్రైవు ఇందులోనే పెట్టాను.

నీ ఉద్యమ కరపత్రాల కట్ట ఇంకా కొట్లో దిండ్ల కిందే ఉంది. మీ అమ్మకి దొరక్కూడదని తొమ్మిదో తరగతిలో దాచావు చూడు, అదే. ఎవరన్నా ఆ దిండ్లు కదిపితే నాయన ఇప్పటికీ కేకలేస్తాడు, “దుర్గమ్మ కాగితాలు ముట్టుకోకండి” అని. ఆయనకి అక్షరం రాదు గానీ కాగితమంటే భయభక్తులు.

ఉంటాను,
రుక్సానా


హైదరాబాదు,
ఏప్రిల్ 11

నా బంగారు రుక్సా,

గెలిచాం! గెలిచామే!

మూడు నిమిషాల సీను కింద బాకాలు తీసేసి మావయ్య దెబ్బ వేశాను. మిల్లు మండుతోంది. రేగడి గోడ ముందు నిలబడ్డాడు. డుంయ్, డుంయ్, డుంయ్. అప్పుడు ఖాళీ. ఆ ఖాళీలో మావయ్య ఊపిరి. తెర మీద వాడి ఛాతీ కూడా సరిగ్గా అప్పుడే పొంగింది, నేను కలపలేదు, అదే కలిసింది. నాలుగో దెబ్బకి వాడు నేల వదిలాడు. శ్రీకృష్ణ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. “మళ్ళీ” అన్నారు. ఏడుసార్లు వేయించుకున్నారు.

తర్వాత ముగ్గురినీ పిలిచి ఇది వినిపించారు. చెన్నై ఆయన, “నేను ఇంకొకరి సున్నం మీద రంగు వేయను” అని లేచిపోయాడు. పౌరుషం గలవాడు, నచ్చాడు నాకు. ఇక్కడివాడు బాకాలు వదలనన్నాడు. బొంబాయి ఆయన కళ్ళు మూసుకుని విని, “దీని మీద కడతాను” అన్నాడు. పని ఆయనకే ఇచ్చారు. అర్థమైందా? కోట్ల సినిమాకి సంగీత దర్శకుణ్ణి ఎన్నుకున్నది దర్శకుడు కాదు, నిర్మాత కాదు. మార్టూరు రోడ్డు మీది పరుపుల కొట్టు ఎన్నుకుంది!

సౌండు ఇంజనీరు ఒకడు ఆ ఊపిరిని మచ్చ అనుకుని మిషనుతో తుడిచేశాడు. నేను వాడి మీద పడ్డ తీరు చూస్తే నువ్వు పారిపోయేదానివి. “ఊపిరి తీస్తే నేనూ పోతా” అన్నాను. ఊపిరి వెనక్కి వచ్చింది. ఉంటుంది. నా మాట.

ఇంకో సంగతి. నీకు గుర్తుందా, ఆ దిండ్ల మీద కూర్చుని మావయ్యకి చదివి వినిపించాను, ‘పాటకి యజమాని లేడు’ అన్న కరపత్రం? పాట జనంలో పుట్టింది, దాని మీద పేరు రాసుకున్నవాడు దొంగ అని? పదేళ్ళ తర్వాత ఆ మాటని తెచ్చి ఈ అద్దాల మేడలో నిలబెట్టాను. ప్రతి సంగీతం ముక్కకీ ఒక కాగితం నింపాలి ఇక్కడ. దీనికీ నింపాను, ఇంగ్లీషు కాగితం మీద తెలుగులో, కావాలనే. ఎదురుపడ్డప్పుడు చెప్తాను. గర్వపడతావు.

ఇట్లు,
విజయోత్సాహంతో నీ దుర్గ


మార్టూరు,
మే 23

దుర్గా,

నీ ఉత్తరం నాయనకి మూడుసార్లు చదివాను. చెన్నై ఆయన లేచిపోయిన చోట ప్రతిసారీ “అబ్బ, మగాడు” అన్నాడు.

ఇప్పుడు ఊళ్ళో ఆయనతో పడలేకపోతున్నాం. టీ కొట్టు దగ్గర, గ్రానైటు లారీల దగ్గర, మసీదు మెట్ల మీద, ఎక్కడ కూర్చుంటే అక్కడ ఇదే. “నా దెబ్బకి మడిసి ఎగురుతాడు” అంటాడు. “మరి నువ్వెగరవేం మాబూ?” అని వాళ్ళు ఏడిపిస్తారు. “నేనెగిరితే పరుపులెవడు కుడతాడ్రా” అంటాడు. మీ అమ్మ మిరపకాయల తొడిమలు తీసి వచ్చి, మంట చేతులు అలాగే పెట్టుకుని మా గుమ్మంలో కూర్చుంటోంది. ఆమెకి కూడా రోజూ కొత్తగానే చెప్తున్నాడు. ఆమె రోజూ కొత్తగానే వింటోంది.

ఇక బాగాలేని కబురు. గుంటూరు తీసుకెళ్ళాను. డాక్టరు ఫోటో తీసి చూపించాడు. ఛాతీ లోపల తెల్లగా, మబ్బు పట్టినట్టుంది. “ఎన్నేళ్ళు చేశాడు ఈ పని?” అన్నాడు. నలభై నాలుగు అన్నాను. ఆయన మందుల చీటీ రాయడం మొదలెట్టాడు. నాయన మాత్రం ఆ ఫోటో చూసి, “మంచి దూది, గింజ లేదు” అన్నాడు. నేను నవ్వాను. బయటికొచ్చి ఏడ్చాను.

అందుకని ఒక్క ముక్క వెంటనే రాయి. పేరు ఏమని రాశావు? కాగితంలో, తెర మీద, ఎలా పడుతుంది? షేక్ మాబు సాహెబ్ అనా, పరుపుల మాబు అనా? ఆయనకి ‘దూదేకుల మాబు సాహెబ్, మార్టూరు’ అని కావాలి. ఊరి పేరు తప్పనిసరిగా ఉండాలట. “మాబులు చాలామంది ఉంటారు, నేననుకోరు” అంటున్నాడు. సంతకం చేతకాక జీవితమంతా వేలిముద్ర వేసిన మనిషి. అక్షరాల్లో తన పేరు ఒక్కసారి పడాలని ఆశ.

ఎదురుచూస్తూ,
రుక్సానా


(కార్డు)
మార్టూరు, జూన్ 30

దుర్గా,
పేరు ఎలా రాశావు? ఫోను ఎత్తడం లేదు. నాయన రోజూ పోస్టు మనిషిని ఆపుతున్నాడు.
రుక్సానా


హైదరాబాదు,
ఆగస్టు 2

రుక్సానా,

జవాబు రాయలేదని తిట్టుకుంటున్నావు. తిట్టు. నేను యుద్ధంలో ఉన్నాను.

వీళ్ళు దొంగలు! సూటూ బూటూ వేసుకున్న దొంగలు! పేర్ల జాబితా చూశాను. సంగీతం: బొంబాయి ఆయన. రేగడి థీమ్ సంగీతం: బొంబాయి ఆయన. కింద చిన్న అక్షరాల్లో ‘సంప్రదాయ బాణీ ఆధారంగా’ అని. మావయ్య పేరు ఎక్కడా లేదు. నేను లీగలు ఆఫీసులో బల్ల గుద్దాను. గ్లాసు పగిలింది. “ఒక మనిషి కష్టాన్ని మింగి మీరు సూపర్ హీరో సినిమా తీస్తున్నారా? మీ సినిమాలో విలన్ మీరేనయ్యా” అన్నాను. సెక్యూరిటీ వాడు వచ్చి నా జబ్బ పట్టుకున్నాడు.

శ్రీకృష్ణ గారిని అడిగితే తల దించుకున్నారు. “నా చేతిలో లేదమ్మా. ఒకరి పేరు వేస్తే రేపు ఇంకో పదిమంది వచ్చి మాదంటారని వాళ్ళ భయం” అన్నారు. మంచివాళ్ళంతా తల దించుకునే ఉంటారు, గమనించావా?

వదలను. మావయ్యకి మాత్రం ఇప్పుడే ఏమీ చెప్పకు. పేరు సంగతి నేను చూసుకుంటున్నానని చెప్పు.

ఇట్లు,
దుర్గ


మార్టూరు,
సెప్టెంబరు 14

దుర్గకు,

మొన్న ‘రేగడి’ ట్రైలరు ఫోనుల్లోకి వచ్చింది. ఒకటిన్నర నిమిషం. మీ అమ్మ తన ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. నాయనకి దిండు ఎత్తుపెట్టి కూర్చోబెట్టాం. మూడు దెబ్బలు వినపడ్డాయి. తర్వాత ఆయన ఊపిరి. ఫోనులో ఊపిరి వస్తుంటే, ఇక్కడ మంచం మీద ఆయన ఊపిరి బిగబట్టాడు. నాలుగో దెబ్బకి ఇద్దరూ కలిసి వదిలారు.

“అప్పుడు ఊపిరి బానే ఉందే” అన్నాడు. ఫిబ్రవరిలో కొట్టింది అది. ఇప్పుడు మంచం దిగడం లేదు.

తర్వాత, “పేర్లేవీ?” అన్నాడు. పెద్ద సినిమాలో చివర వస్తాయి నాయనా అన్నాను. “దుర్గమ్మ చూసుకుంటదిలే” అని పడుకున్నాడు.

నువ్వు పోట్లాడుతున్నావని రాశావు. నమ్మాను. కానీ నాకు అరవడం చేతకాదు కదా, అందుకని శ్రీకృష్ణ గారికి మర్యాదగా ఒక ఉత్తరం రాశాను. మా నాయనకి ఎక్కువ రోజులు లేవు, పేరున్న కాగితం ఏదైనా ఉంటే దాని నకలు ఒక్కటి పంపండి, చూపిస్తాను అని. నీ మీద చాడీ ఏమీ లేదు. ఊరికే నీకు తెలియాలని రాస్తున్నాను.

రుక్సానా


హైదరాబాదు,
డిసెంబరు 3

ప్రియమైన రుక్సానాకు,

నవ్వకు. ఈసారి అలాగే మొదలుపెట్టాలనిపించింది.

మావయ్య పోయిన నలభయ్యో రోజున వచ్చాను. మీ ఇంట్లో అన్నం తిన్నాను. దూలానికి విల్లు లేదు, మూల నిలబెట్టి ఉంది. దాన్ని చూస్తూ తిన్నాను. చెప్పడానికే వచ్చాను నిజానికి. బస్సులో చిలకలూరిపేట దాకా మాటలు పేర్చుకున్నాను. మీ గుమ్మంలోకి రాగానే ఒక్కటీ లేదు. ఊరంతా అరుపుల దుర్గ అంటారే, ఆ దుర్గకి నోరు పెగల్లేదు.

వాళ్ళు మావయ్య పేరు తీసేశారని రాశాను నీకు. అది అబద్ధం. తీసేయడానికి అక్కడ పేరే లేదు.

ఆ కాగితంలో ‘కర్త’ అన్న గడి ఉంది. అందులో నేనే రాశాను: “కర్త లేడు. ప్రజల బాణీ.” పెద్ద పెద్ద అక్షరాలతో. రాసి ఆ రోజంతా గాల్లో నడిచాను. ఒక్క మనిషి పేరు రాస్తే పాటని చిన్నది చేసినట్టనుకున్నాను. నువ్వు మేలో ‘పేరు ఏమని రాశావు’ అని అడిగేదాకా, అక్కడ ఒక పేరు ఉండాలన్న ఊహే నాకు రాలేదు. నువ్వు ముందే రాశావు, అది ఆయన సొంత దెబ్బ అని, ఆ ఖాళీ ఆయనదని. అక్షరం అక్షరం చదివాను. చదివి కూడా నాకు కరపత్రమే వినపడింది, నీ ఉత్తరం వినపడలేదు.

దిద్దమని పరుగెత్తాను. అప్పటికే బొంబాయి ఆయన పేరు మీద అంతా రాసేసుకున్నారు. లీగలు ఆఫీసాయన నా కాగితమే తీసి నా ముందు పెట్టాడు. “మీరే రాశారు కదమ్మా, కర్త లేడని. ఇప్పుడు పుట్టాడా?” అన్నాడు. గ్లాసు పగలగొట్టింది అందుకు. దొంగ దొరికినప్పుడు పెద్దగా అరుస్తుందే, ఆ అరుపది. తాళం తీసి ఇచ్చింది నేను రుక్సా. వాళ్ళు నడిచి లోపలికి వెళ్ళారంతే.

ఇంకొకటి. ఆ కరపత్రం చదివి వినిపించిన రోజు మావయ్య నన్ను ఒక మాట అడిగాడు. “అట్టయితే నా దెబ్బ ఎవరిదమ్మా?” అని. “జనానిది మావయ్యా” అన్నాను. ఆయన నా మొహం చూసి, “సరేలే, జనం మంచోళ్ళేగా” అన్నాడు. అది ఒప్పుకోవడం అనుకున్నాను ఇన్నాళ్ళూ. పద్నాలుగేళ్ళ పిల్ల మొహం చిన్నబోకూడదని అన్నాడని ఇప్పుడు తెలుస్తోంది.

ఉద్యోగం మానేశాను. సినిమా వచ్చిన రోజు ప్రతి హాలు ముందూ నిలబడి కరపత్రం పంచుతాను, ఈ దెబ్బ దూదేకుల మాబు సాహెబ్‌ది అని. నువ్వు ఒప్పుకుంటే. నన్ను క్షమిస్తావా అని అడిగే మొహం లేదు. అడుగుతున్నాను.

నీ
దుర్గ


మార్టూరు,
మార్చి 9

దుర్గా,

నీ ఉత్తరాన్ని మూడు నెలలు దిండ్ల కింద పెట్టాను, నీ కరపత్రాల పక్కనే. ఇవాళ తీసి జవాబు రాస్తున్నాను.

నువ్వు చెప్పింది నాకు కొత్త కాదు. శ్రీకృష్ణ గారి ఆఫీసు నుంచి జవాబు వచ్చింది, నాయన పోవడానికి నాలుగు రోజుల ముందు. అందులో నువ్వు నింపిన కాగితం నకలు ఉంది. నీ చేతిరాత నాకు తెలియదా? వాక్యం చివర చుక్క పెట్టేటప్పుడు కాగితం చిరిగేలా పొడిచేది నువ్వొక్కదానివే. నకల్లో కూడా ఆ చిల్లులు కనపడుతున్నాయి.

నేను గుమ్మంలో నిలబడి చదువుతుంటే లోపలి నుంచి నాయన, “ఏమొచ్చిందే?” అన్నాడు.

“దుర్గ రాసిన కాగితం నాయనా.”

“నా పేరేది?”

వెళ్ళి ఆయన వేలు పట్టుకుని ‘కర్త లేడు’ అన్న చోట పెట్టాను. “ఇదిగో. దూదేకుల మాబు సాహెబ్” అన్నాను. వేలు జరిపి ‘ప్రజల బాణీ’ మీద పెట్టాను. “ఇది మార్టూరు” అన్నాను.

ఆయన ఆ అక్షరాల మీద వేలు రెండుసార్లు నడిపాడు. “ఇంత పెద్దగా రాసిందా? పిచ్చిపిల్ల” అన్నాడు.

కాగితం చొక్కా జేబులో పెట్టమన్నాడు. ఆ నాలుగు రోజులూ చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళకీ తీసి చూపించాడు. ఎక్కువమందికి చదువు లేదు. మీ అమ్మకి చదవడం వచ్చు. చదివింది. నా మొహంలోకి చూసింది. ఎర్రబడ్డ చేతులతో ఆ కాగితాన్ని మడతల మీదే మడిచి ఆయన జేబులో పెట్టి, “బాగా రాసింది అన్నయ్యా” అంది. ఈ సంగతి ఆమె నీకు ఎప్పుడూ చెప్పి ఉండదు.

నలభయ్యో రోజున నీకు రెండోసారి అన్నం వడ్డించింది నేనే. అప్పటికి నాకు తెలుసు. నువ్వు చెప్తావేమోనని గిన్నె పట్టుకుని నీ ముందు కాసేపు నిలబడ్డాను కూడా. నువ్వు చాలన్నావు.

కోటప్పకొండ తిరునాళ్ళ వారంలో ‘రేగడి’ వచ్చింది. వెళ్ళకూడదనుకున్నాను. మీ అమ్మ బయల్దేరదీసింది. చిలకలూరిపేటలో మ్యాట్నీ. హాలు నిండుగా ఉంది. మిల్లు మండింది. వాడు గోడ ముందు నిలబడ్డాడు. మూడు దెబ్బలు. అప్పుడు హాలంతా గమ్మున అయిపోయింది. ఆ నిశ్శబ్దంలో నాలుగు వైపుల నుంచీ మా నాయన ఊపిరి పీల్చాడు. పోయి నాలుగు నెలలు దాటిన మనిషి. ఆ చప్పుడుకి నా సీటు అదిరింది. అంత దగ్గరగా, అంత పెద్దగా ఆయన బతికి ఉన్నప్పుడు కూడా వినలేదు. ఊపిరి ఉంచుతానన్న మాట నిలబెట్టుకున్నావు. దానికి మాత్రం నీకు రుణపడి ఉంటాను.

నాలుగో దెబ్బ పడకముందే మీ అమ్మ లేచి నిలబడింది. “మాబు అన్నయ్య వచ్చాడే! పాత దూది బయటపెట్టండే!” అని కేకేసింది. వీధిలో వేసేదే, అదే గొంతు.

హాలంతా నవ్వింది. వెనక నుంచి ఎవడో, “కూర్చో ముసలీ, కనపడట్లా” అన్నాడు. ఇంకొకడు ఈల వేశాడు. మీ అమ్మ కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది.

వాళ్ళే దుర్గా నువ్వు చెప్పే జనం. చెడ్డవాళ్ళేం కాదు. వాళ్ళలో సగం మంది చిన్నప్పుడు మా నాయన కుట్టిన పరుపుల మీదే పడుకుని ఉంటారు. కానీ వాళ్ళకి తెలియదు. ఆ దెబ్బ వినగానే పేరు పెట్టి పిలిచే నోరు ఆ హాల్లో ఒక్కటే ఉంది. ఆ నోటికి అరవై రెండేళ్ళు. ఆమె తర్వాత ఎవరు పిలుస్తారు? నాయన కాగితం మీద పేరు కావాలన్నది అందుకే. ఆయనకి అక్షరం రాకపోయినా ఆ మాత్రం తెలిసింది.

బొమ్మ అయిపోయాక మేమిద్దరం పేర్లన్నీ కదిలేదాకా కూర్చున్నాం. డ్రైవర్ల పేర్లున్నాయి. టీ ఇచ్చినవాళ్ళ పేర్లున్నాయి. దీపాలు మోసినవాళ్ళ పేర్లున్నాయి. ‘సంప్రదాయ బాణీ’ అని వచ్చేసరికి హాల్లో దీపాలు వేసి, చీపురు పట్టుకున్న ఆవిడ మా వరసలోకి వచ్చి, కాళ్ళు పైకి పెట్టుకోమంది.

కరపత్రం పంచుతానన్నావు. వద్దు. క్షమించమన్నావు. నాకింకా తెలియడం లేదు. తెలిస్తే రాస్తాను. అప్పటిదాకా నువ్వు రాయకు. ఆ నకలు నాయన జేబులోంచి తీసి దాచాను, నీ అక్షరాల మీద ఆయన వేలి మరక ఉంది. అది నీకు ఇవ్వను. ఈసారి ఊరొచ్చినప్పుడు కొట్టుకి వచ్చి నీ కరపత్రాలు మాత్రం తీసుకుపో. ఆ దిండ్లు అమ్మాలి. ఇన్నాళ్ళూ వాటిని ఎవరూ ముట్టుకోకుండా కాపలా కాసినాయన లేడు.

ఇట్లు,
దూదేకుల మాబు సాహెబ్, మార్టూరు,
గారి కూతురు
రుక్సానా